నీళ్లు అడిగే తీరు, నీళ్ల సంగతి చెప్పే తీరు

(జైనూర్ మండల సమాఖ్య వార్షిక మహాసభలో, వచ్చే ఏడాది తాగునీరు, పారిశుధ్యం ప్రణాళిక అంశం మీద ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ లెక్కలు చదివిన్రు. మాకు ఇచ్చిన అంశం వేరే. "తాగునీరు, పారిశుధ్య కార్యక్రమాలకు అడ్వకసీ, కమ్యూనికేషన్ ప్రణాళిక" అని కాగితం మీద ఉంది. శిక్షణలో ఈ మాట వచ్చినప్పుడు ఒక అవ్వ, "అడ్వకేటంటే వకీలు గదా బిడ్డా, నీళ్లకు వకీలు ఎందుకు?" అని అడిగింది. అందరం నవ్వినం గానీ అవ్వ అన్నదాంట్లో తప్పేం లేదు. అడగాల్సిన చోటికి పోయి, అడగాల్సిన మనిషిని, మన పక్షాన అడుగుడే అడ్వకసీ. మన ఇండ్లల్ల, మన భాషల, మనోళ్లకు చెప్పుకునుడు కమ్యూనికేషన్. ఒకటి ఆఫీసు దిక్కు పోయే తొవ్వ, ఇంకొకటి ఇంటి దిక్కు వచ్చే తొవ్వ. రెండింటికీ కలిపి ఒక ర్యాలీ తీసి, ఒక బ్యానర్ పట్టుకొని ఫోటో దిగితే రెండు పనులూ కావు. వచ్చే ఏడాది ప్రణాళికలో ఈ రెండింటినీ వేరు వేరుగా రాసుకోవాలె అన్నదే మా సంఘం ప్రతిపాదన.

కార్యవర్గ సమావేశంలో కొందరు అక్కలు, "మనది పొదుపు సంఘం, నీళ్లు పంచాయతీ పని, మనకెందుకు" అన్నరు. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. వసూలు పనులకే మనకు రోజులు చాలుత లేవు. కానీ లోను డబ్బులు ఎటు పోతున్నయో ఒకసారి చూడండి. మేక కొంటమని తీసుకున్న లోనులో కొంత వానాకాలంలో పిల్లల వాంతులు, విరేచనాలకు, ఆటో కిరాయికి, ఉట్నూరు దవాఖానకు పోతది. ఆ ఇంటి కిస్తీ ఆగితే మనమే ఆ ఇంటి ముందు కూసుంటం. నీళ్లు పంచాయతీ పనే, కాదనం. నీళ్లు చెడితే వచ్చే బాకీ మాత్రం మన పుస్తకంలనే పడుతది.

ఆడవాళ్లు చదువుకుంటే, మాట్లాడుకుంటే ఏమైతదో చూడాలంటే నెల్లూరు జిల్లా దూబగుంటను చూడాలె. అక్కడ సాక్షరతా తరగతుల్ల చదివిన పాఠం మీద మాట మాట పెరిగి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన్రు. 1992లో అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993లో సర్కారు సారాను నిషేధించింది. ఆ జిల్లా ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకొక రూపాయి పొదుపు మొదలుపెట్టిన్రు. అంటే మన పొదుపు సంఘాల వెనుక అడిగే పని, చెప్పే పని రెండూ ఉన్నయి. అవి కొత్తగా బయటి నుంచి తెచ్చి మన నెత్తిన పెట్టినవి కావు.

అంత దూరం కూడ ఎందుకు? పక్క కెరమెరి మండలం జోడేఘాట్‌లనే కొమురం భీం 1940లో ప్రాణం ఇచ్చిండు. జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు మొదటి మాటే నీళ్లది. ఆ తర్వాత నిజాం సర్కారు గోండుల బాధలు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ దొరను ఇటు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మన మండలం మార్లవాయిల ఉన్నరు. కేస్లాపూర్ నాగోబా జాతరల దర్బారు పెట్టి, అధికారులు జనం దగ్గరికే వచ్చి వినే పద్ధతి ఆ కాలంలనే వచ్చింది. ఇయ్యాల్టికీ జాతరకు దర్బారు జరుగుతనే ఉంది. జాతర సంగతే తీసుకోండి. మెస్రం వాళ్లు జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తరు. దానికి ముందు ఎడ్లబండి కట్టి ఊరూరా తిరిగి జాతర సంగతి చాటుతరు. ఎవరు నడవాలె, ఏ ఊర్ల ఆగాలె, ఏ రోజుకు చేరాలె అంతా ముందే తెలుసు. మనం శిక్షణల చార్టు మీద డబ్బాలు గీసి రాసేది ఇదే. వాళ్లు చార్టు లేకుండ ఎన్నో తరాల నుంచి చేస్తున్నరు.

ఇగ అడిగే పని సంగతి.

మన దిక్కు మిషన్ భగీరథ నల్లాలు వచ్చినయి. 2016లో ఆ పథకం మొదలైనప్పుడు పల్లెలల్ల మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన ఇయ్యాలని పెట్టుకున్నరు. కేంద్రం 2019లో తెచ్చిన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి కనీసం 55 లీటర్లు. లీటర్లంటే మనకు తెలువది, బిందెలంటే తెలుస్తది. బిందెకు 15 లీటర్లు అనుకుంటే, ఐదుగురున్న ఇంటికి 55 లీటర్ల లెక్కన రోజుకు 18 బిందెలు. వంద లీటర్ల లెక్కనైతే 33 బిందెలు. మా సమావేశంల ఈ లెక్క చెప్పినప్పుడు గుట్ట మీది గూడెం నుంచి వచ్చిన బాయి ఒకామె, "మేము ఆరు బిందెలతోని ఎల్లదీస్తున్నం" అన్నది. తాగుడు, వంట, పిల్లల స్నానం, మేకలు అన్నీ ఆరిట్లనే. ఆమెను మరుగుదొడ్డి ఎందుకు వాడుతలేవని అడిగే హక్కు ఎవరికున్నది?

పోయిన వానాకాలంల మాకు తెలిసిన ఒక గూడెంల మోటారు కాలి నల్లాలు బందైనయి. ఆడవాళ్లు మళ్ల ఒర్రెకు పోయి చెలిమెలు తోడుకున్నరు. వాన పడితే గుట్ట మీది మురికి అంతా ఒర్రెలకే వస్తది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నయి. ఒక పిల్లను రాత్రి ఒర్రె దాటించి తీసుకపోవుడు ఎంత కష్టమైందో ఆ గూడెం వాళ్లే చెప్పాలె. పిల్ల బతికింది. గూడెం వాళ్లు ఒక ఆఫీసుకు మూడుసార్లు పోయిన్రు. మూడుసార్లూ "చూస్తం" అన్నరు. "నీళ్లు వస్తలేవు సారూ" అని పోతే "నిన్న వచ్చినయని రాసి ఉంది" అనేది అక్కడి జవాబు.

నాలుగోసారి పోయేటప్పుడు సంఘం ఆడవాళ్లు నోటుబుక్కు పట్టుకపోయిన్రు. ఏ తారీఖు నీళ్లు వచ్చినయి, ఎంతసేపు వచ్చినయి, చివరి ఇంటికి ఎన్ని బిందెలు అందినయి, ఏ తారీఖు నుంచి బంద్ ఉన్నయి అని రాసుకున్న బుక్కు. చదువు రాని అక్కలు గీతలు గీసిన్రు, బడికి పోయే పిల్లలు వాటిని అంకెలుగ రాసిన్రు. ఆ బుక్కులోని పేజీలు జిరాక్సు తీసి, దరఖాస్తుకు కుట్టి, ప్రజావాణిల ఇచ్చి, రసీదు తీసుకున్నరు. ఇగ "నిన్న వచ్చినయి" అనే మాట నడువలేదు. మోటారు వచ్చింది. మేము దీన్ని పెద్ద గెలుపని చెప్పుతలేము. మూడు వారాల కింద రావాల్సిన మోటారు అది. కానీ నోటుబుక్కు పని చేస్తదని తెలిసింది. పెద్ద గొంతుతోని అరిచినోళ్లను ఆఫీసుల బయట కూసోబెట్టుడు వాళ్లకు అలవాటే. తారీఖులు చదివే మనిషిని కూసోబెట్టుడు కష్టం.

ఎవరిని అడగాలె అన్నది కూడ తెలుసుకోవాలె. ట్యాంకీ కడుగుడు, బ్లీచింగ్ పౌడర్ కలుపుడు, ఊర్ల పైపు లీకేజీ, మోరీలు, ఇవి పంచాయతీవి. ఊరి దాకా వచ్చే పెద్ద లైను, దాని మోటార్లు మిషన్ భగీరథ ఇంజినీర్లవి. పైపు ఎక్కని గుట్ట మీది గూడేలకు బోరు, సోలార్ పంపు అడగాలంటే ఉట్నూరు ఐటీడీఏకు పోవాలె. ఒకరి పని ఇంకొకరిని అడిగితే రెండు ఆఫీసుల నడుమ మన చెప్పులే అరుగుతయి.

ఎప్పుడు అడగాలె అన్నది ఇంకా ముఖ్యం. నీళ్లకు మనం ఏప్రిల్, మే నెలల్ల ఖాళీ బిందెలు పట్టుకొని రోడ్డు మీదికి వస్తం. అప్పటికి పంచాయతీ పైసలు ఎక్కడ పెట్టాలెనో రాసుకునుడు అయిపోతది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ అక్టోబర్ 2 నుంచి మొదలుపెడతరు. మన గ్రామ సంఘాలు తయారు చేసే పేదరిక నిర్మూలన ప్రణాళికను ఆ గ్రామసభల పెట్టి అందుల కలపాలె. అది మన హక్కు, మన పని. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు పెట్టిన నిధులల్ల నూటికి 60 రూపాయలు నీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నియమం పెట్టిన్రు. అందుల సగం తాగునీళ్లకు, సగం పారిశుధ్యానికి. ఈ సంగతి తెలిసి అడిగేటోళ్లకు, తెలువక అడిగేటోళ్లకు సభల వచ్చే జవాబు ఒక్కతీరు ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలె. మనది షెడ్యూల్డ్ ఏరియా కాబట్టి 1996 నాటి పెసా చట్టం కూడ ఉంది. గూడెం కూడ తన గ్రామసభ తాను పెట్టుకోవచ్చు. పంచాయతీ ఊర్ల సభ పెడితే గుట్ట మీది కొలాం ఆడవాళ్లు రారు, వచ్చినా వెనుక నిలబడి పోతరు. వాళ్ల చెట్టు కింద పెడితే మాట్లాడుతరు.

ఇప్పుడు ఇంటి దిక్కు తొవ్వ. ఇది అడిగే పని కన్నా కష్టం. ఆఫీసర్ బదిలీ అయితడు, అత్త బదిలీ కాదు.

మన మండలంల గోండి మాట్లాడేటోళ్లు ఉన్నరు, కొలామి మాట్లాడేటోళ్లు ఉన్నరు, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు, అన్నీ ఉన్నయి. గోడల మీద మాత్రం తెలుగుల ఒక్కటే నినాదం రాస్తరు. అది చదివేది తెలుగు వచ్చిన మాస్టర్ సార్లు, ఆర్‌ఎంపీ డాక్టర్లు. వాళ్ల ఇండ్లల్ల మరుగుదొడ్లు ముందే ఉన్నయి. రంగు పైసలు దండగ అని మేము అనేస్తున్నం, సార్లు ఏమీ అనుకోవద్దు. మా ప్రతిపాదన ఏందంటే, గూడానికి ఇద్దరు ఆడవాళ్లు, ఆ గూడెం వాళ్లే, ఆ భాష వాళ్లే కావాలె. వాళ్లకు శిక్షణ ఇద్దాం, వచ్చిన రోజుకు కూలి, ఆటో చార్జీలు ఇద్దాం. మా లాంటోళ్లం పోయి కొలాం గూడెంల తెలుగుల గంట మాట్లాడితే వాళ్లు మర్యాదకు తలూపుతరు. వాళ్ల చెల్లె చెప్పితే ఎదురు ప్రశ్న అడుగుతరు. ఎదురు ప్రశ్న వచ్చిందంటే మాట లోపలికి పోయినట్టు.

కొన్నేండ్ల కింద మరుగుదొడ్ల పని జోరుగ నడిచినప్పుడు చాలా చోట్ల పొద్దుగాల విజిళ్లు ఊదుకుంట పోయి, చెంబు పట్టుకొని పోయేటోళ్లను ఆపేటోళ్లు. మాకైతే అది నచ్చలేదు. సిగ్గుపడ్డ ఆడమనిషి ఇంకింత చీకట్ల, ఇంకింత దూరం పోతది. పాములు, ఎలుగుబంట్లు తిరిగే జాగా మనది. సిగ్గు పెట్టి కట్టించిన దొడ్డిల తర్వాత ఏమున్నది? కట్టెలు, పత్తి బస్తాలు, కోళ్లు.

వాడనోళ్లు ఎందుకు వాడుతలేరో వాళ్లనే అడగాలె. మేము అడిగినంతల మొదటి జవాబు నీళ్లు. రెండోది గుంత. "రెండు నెలలల్ల నిండితే ఎవరు తీస్తరు?" అని భయం. స్వచ్ఛ భారత్ కింద ఇచ్చే 12,000 రూపాయలతో కట్టేది జంట గుంతల దొడ్డి. గుంత అడుగున సిమెంటు వెయ్యొద్దు, పక్కలకు సందులు విడువాలె, నీళ్లు మట్టిలకు ఇంకుతయి. ఐదారుగురున్న ఇంటికి ఒక గుంత నిండాలంటే ఏండ్లు పడతది. నిండినంక పైపు రెండో గుంతకు తిప్పితే, మొదటిది రెండేండ్లల్ల వాసన లేని ఎరువైతది, చేనుల వేసుకోవచ్చు. బోరింగుకు, బావికి ముప్పై, నలభై అడుగులన్న దూరం ఉండాలె. ఏటవాలు బేసిన్ పెడితే చిన్న చెంబులు రెండు పోస్తే చాలు, బకెట్ అక్కర లేదు. ఈ ముచ్చట్లు మేస్త్రీకి తెలువాలె. మన ప్రచారం ఎప్పుడు చూసినా ఆడవాళ్లకే, మేస్త్రీకి ఎవరూ చెప్పరు. అడుగున సిమెంటు వేసి "గట్టిగ కట్టిన" అని పోయేది ఆయననే. అందుకే మండలంలోని మేస్త్రీలకు ఒకరోజు శిక్షణ పెట్టాలని మా ప్రతిపాదనల రాసినం.

మూడో జవాబు పెద్దమనుషులది. ఇంటి దేవుళ్లున్న దిక్కు దొడ్డి వద్దు అంటరు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టేస్తే ఆ ఇంట్ల మన మాట అక్కడితో ఆగుతది. జాగా ఎక్కడో వాళ్లనే చూపించమనాలె. పటేల్‌ను, దేవారిని ముందుగల కలిసి కూసోవాలె. వాళ్లు చూపించిన మూలకు కట్టిన దొడ్డిని వాళ్లే కాపాడుతరు.

చెప్పే కాలం కూడ చూసుకోవాలె. ఇప్పపువ్వు రాలే నెలల తెల్లారకముందే ఆడవాళ్లు అడవిల ఉంటరు, పత్తి ఏరే నెలల పొద్దూకేదాకా చేన్ల ఉంటరు. అప్పుడు మీటింగ్ పెడితే రిజిస్టర్ల సంతకాలే వస్తయి. దీపావళి ముందర దండారీ కాలంల ఒక ఊరోళ్లు ఇంకొక ఊరికి చుట్టాలై వస్తరు, ఊరంతా ఒక్కచోట ఉంటది. మన మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ కళకే 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ ఒక మాట. ఒక శిక్షణల ఎవరో గుస్సాడీ వేషం వేసి చేతులు కడుగుడు గురించి నాటకం వేద్దామన్నరు. అది వద్దు. అది దేవుని వేషం. పటేల్‌ను అడిగి, ఆట మొదలు కాకముందు ఒక పది నిమిషాలు గోండిల మాట్లాడుకుంటే చాలు. పది నిమిషాలల్ల ఒక్కటే సంగతి చెప్పాలె. పది సంగతులు చెప్పితే ఒక్కటీ గుర్తుండది.

మే నెలల చెప్పాల్సింది ట్యాంకీ కడుగుడు, బ్లీచింగ్ సంగతి. పౌడర్ వాసన వస్తే మనోళ్లు నీళ్లు పారబోసి ఒర్రెకు పోతరు, ఆ కొంచెం వాసన ఉంటేనే నీళ్లల్ల పురుగు చచ్చినట్టని ముందే చెప్పాలె. జూన్ వచ్చిందంటే విరేచనాల సంగతి. ఆశా అక్క దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంటయి, అవి అందకపోతే లీటరు శుభ్రమైన నీళ్లల్ల ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాపుకుంట దవాఖానకు పోవాలె. విరేచనాలైతుంటే నీళ్లు తాపొద్దనే మాట ఇంకా కొందరు అవ్వలు అంటున్నరు. ఆ మాట పిల్లల ప్రాణాల మీదికి తెస్తది. చిన్నపిల్లల దొడ్డి దోషం లేదనుకొని ఇంటి ముందర పారేసుడు కూడ మానాలె, పెద్దోళ్లది ఎట్లనో పిల్లలది అట్లనే.

ఇంకొకటి, మీటింగుల్ల ఎవరూ ఎత్తని సంగతి. బడికి పోయే ఆడపిల్లలు నెలసరి రోజులల్ల ఇంట్లనే ఉంటున్నరు. బడిల దొడ్డి ఉన్నా తలుపుకు గొళ్లెం లేదు, లోపల నీళ్లు లేవు. గొళ్లెం ఖరీదు ఎంత? గ్రామ సంఘం లేచి అడిగితే వారం రోజులల్ల అయ్యే పని. ఇది అడిగే పనుల జాబితాల అందరికన్నా పైన రాయమని మా సంఘంలోని చిన్న చెల్లెళ్లు పట్టుబట్టిన్రు.

మగవాళ్ల సంగతి కూడ చెప్పాలె. చాలా ఇండ్లల్ల దొడ్డి ఆడవాళ్లకని కట్టి మగవాళ్లు చేన్లకే పోతున్నరు. దాంట్ల పోసే నీళ్లు కూడ ఆడవాళ్లే మోస్తున్నరు. అందుకే మగవాళ్లకు చెప్పుడు మగవాళ్లకే అప్పజెప్పాలని అనుకుంటున్నం. యువకుల సంఘాలను పిలుద్దాం. వస్తరా రారా అన్నది చూడాలె, ఇంతవరకు పిలవలేదు.

మహాసభ ముందర మా సంఘం పెడుతున్న తీర్మానం ఇది. ప్రతి గ్రామ సంఘం నెల మీటింగుల పొదుపు లెక్క అయిపోంగనే నీళ్ల బుక్కు చదవాలె. సెప్టెంబర్ నెలాఖరు లోపల ఏ గూడానికి ఏం కావాలెనో జాబితా తయారై మండల సమాఖ్యకు రావాలె, అక్టోబర్ గ్రామసభల పెట్టాలె. గూడానికి ఇద్దరు చెప్పేటోళ్ల చార్జీలు మండల సమాఖ్య పెట్టుకోవాలె. నాగోబా దర్బారుకు పోయే జాబితాల మన మండలం నీళ్ల సంగతి ఒక్క కాగితం మీద, తారీఖులతోని ఉండాలె. దీన్ని ఒప్పుకోని అక్కలు ఇప్పుడే లేచి మాట్లాడండి, బయటికి పోయినంక చాయ్ దగ్గర కాదు.

నీళ్ల బుక్కులు వెనుక బల్ల మీద కట్టలు పెట్టినం. మొదటి పేజీల గడులు గీసి ఉన్నయి, చదువు రానోళ్ల కోసం బిందె బొమ్మ వేసినం. గూడానికి ఒకటి, వీఓఏ సంతకం పెట్టి తీసుకపోవాలె. పెన్నులు కూడ అక్కడనే ఉన్నయి, అవి మాత్రం వాపసు ఇయ్యండి.